లైసెన్సు అడగని స్కూటరు: హనుమకొండలో పద్నాలుగు నెలల వాడకం తర్వాత

మా ఇంట్లో కారు లేదు. నా పేరు మీద డ్రైవింగ్ లైసెన్సు కూడా లేదు. 2011లో ఒకసారి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాను గానీ, దాని 6 నెలల గడువు లోపలే మా అత్తమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడటంతో బండి నేర్చుకోవడమూ, పరీక్షకు వెళ్లడమూ రెండూ ఆగిపోయాయి. ఆ తర్వాత పిల్లల చదువులు, నా ఉద్యోగం, ఇంటి పనులు వరుసగా మీద పడ్డాయి. మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు. మా ఆయన గోదావరిఖనిలో బొగ్గు బాయి మీద పనిచేస్తారు, వారానికొకసారి రైలులో వచ్చి పోతారు. అందువల్ల కూరగాయల నుంచి ఆసుపత్రి దాకా ఇంటికి సంబంధించిన బయటి తిరుగుడంతా నా మీదే ఉంటుంది. ఇలాంటి ఇంట్లో, లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కరలేని తక్కువ వేగపు ఎలక్ట్రిక్ స్కూటరు ఎంతవరకు పనికి వస్తుంది, ఎక్కడ పనికి రాదు అన్నది పద్నాలుగు నెలలు నడిపాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి బండ్లలో మోటారు శక్తికీ వేగానికీ చట్టం గీసిన గీత ఒక్కటే కాబట్టి, నేను చెప్పబోయే మంచి చెడ్డలు చాలావరకు ఏ కంపెనీ బండికైనా వర్తిస్తాయి.

ముందుగా బస్సు గురించి చెప్పాలి, ఎందుకంటే బస్సును పక్కన పెట్టి ఈ స్కూటరును కొలవడం కుదరదు. మా కాలనీ వడ్డేపల్లి వైపు ఉంటుంది. నేను తెలుగు చెప్పే బడి పోచమ్మమైదాన్ దగ్గర. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడూ ఒకే దారాన గుచ్చినట్టు ఉండటం వల్ల ఆ ప్రధాన రహదారి మీద నిలబడితే బస్సో, షేర్ ఆటోనో దొరకని వేళ తక్కువ. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇస్తారు; పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఖర్చే లేదు. డీలక్సో సూపర్ లగ్జరీయో ఎక్కితేనే డబ్బు పెట్టాలి. దూరప్రయాణాలకు కాజీపేట జంక్షన్ ఉండనే ఉంది. సికింద్రాబాద్ వైపు, విజయవాడ వైపు, బల్లార్షా వైపు మూడు దారులకూ అక్కడే రైలు ఎక్కవచ్చు. కారు లేకపోవడం నాకు ఏనాడూ పెద్ద లోటు అనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇబ్బంది అంతా బస్సు దిగిన తర్వాత మొదలయ్యేది. బస్టాపు నుంచి మా ఇంటికి దాదాపు రెండు కిలోమీటర్లు. పొద్దున ఎండ ముదరకముందే బయలుదేరితే అరగంటలో నడిచి రోడ్డెక్కేదాన్ని. సాయంత్రం మాత్రం చేతిలో దిద్దవలసిన నోట్సుల సంచి, మరో చేతిలో కూరగాయలు పెట్టుకొని నడవలేక ఆటో మాట్లాడుకునేదాన్ని. షేర్ ఆటోలు ప్రధాన రహదారి వదిలి లోపలికి రావు. ఒక్కరి కోసం లోపలికి రావాలంటే అరవై రూపాయలు, ఏడు దాటితే ఎనభై, వాన పడుతుంటే వంద. ఆటోవాళ్లను తప్పు పట్టను, తిరిగి వచ్చేటప్పుడు వాళ్లకు మనుషులు దొరకరు. కానీ నెలాఖరున లెక్క చూసుకుంటే, ఉచితంగా పది కిలోమీటర్లు తీసుకొచ్చిన బస్సు తర్వాత ఈ రెండు కిలోమీటర్లకూ, అత్తమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికీ కలిపి రెండున్నర వేలకు తక్కువ అయ్యేది కాదు. డబ్బు కన్నా బాధ పెట్టింది మరొకటి: రాత్రి ఎనిమిది దాటాక ఏ పనీ పెట్టుకోలేకపోవడం. పేరంటానికి పిలిచినా, పక్క వీధిలో మందులు కావలసివచ్చినా ఎవరో ఒక తమ్ముణ్ణి, ఎవరి కొడుకునో బతిమాలుకోవలసి వచ్చేది.

లైసెన్సు అక్కరలేని బండి అంటే ఏమిటో కొనడానికి ముందే తెలుసుకొని ఉంటే నాకు ఒక నెల వృథా అయ్యేది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ ద్విచక్ర వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. మోటారు వాహనమే కానప్పుడు దానికి రిజిస్ట్రేషన్ ఉండదు, నంబరు ప్లేటు ఉండదు, నడిపేవారికి లైసెన్సు అవసరం ఉండదు, బీమా తప్పనిసరి కాదు. ఈ రెండు హద్దుల్లో ఒక్కటి దాటినా ఆ మినహాయింపు మొత్తం పోతుంది. అప్పుడది మామూలు స్కూటరే. ఆకుపచ్చ నంబరు ప్లేటు, బీమా, లైసెన్సు అన్నీ ఉండాలి. బండి నిజంగా ఆ హద్దుల్లో ఉందని చెప్పే కాగితం ఒకటి ఉంటుంది. ఏఆర్ఏఐ, ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థలు నమూనా బండిని పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం అది. దాని నకలు దుకాణంలో అడిగి తీసుకోవాలి.

నేను మొదట వెళ్లిన దుకాణంలో ఆ కాగితం మాట ఎత్తగానే సంభాషణ పక్కదారి పట్టింది. అక్కడి కుర్రవాడు చాలా మర్యాదగానే మాట్లాడాడు. సీటు లేపి, మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే కంట్రోలర్ పెట్టె పక్కన నల్ల టేపు చుట్టిన తీగల కట్ట విప్పి, అందులోంచి సన్నని తీగ ఒకటి వేళ్లతో పట్టుకొని చూపించాడు. దాని మధ్యలో చిటికెన వేలి గోరంత తెల్ల ప్లాస్టిక్ జోడింపు ఉంది. "ఇగో అక్కా, ఇది పీకితే సాలు, నలభై ఐదు పోతది. మస్తు మంది గట్లనే నడిపిస్తున్రు, ఎవ్వరు అడగరు" అన్నాడు. ఆ జోడింపు కలిసి ఉన్నంతవరకే వేగానికి కట్టడి; ఊడదీస్తే బండి తన అసలు వేగం అందుకుంటుంది. అంటే ఆ బండి పుట్టుకతోనే వేగపు బండి, అమ్మేటప్పుడు మాత్రం తక్కువ వేగపు ముసుగు వేసుకుంది. లైసెన్సు లేని నాలాంటి మనిషి ఆ తీగ పీకించుకొని రోడ్డెక్కితే ఏమవుతుందో ఆ కుర్రవాడు చెప్పలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు లేకుండా మోటారు వాహనం నడిపితే జరిమానా 5,000 రూపాయలు. జరిమానాతో పోతే అదృష్టమే. ఎవరికైనా దెబ్బ తగిలితే, బీమా లేని, రిజిస్ట్రేషన్ లేని, లైసెన్సు లేని మనిషిగా కోర్టులో నిలబడాలి. నష్టపరిహారం మన ఇంటి నుంచే కట్టాలి. ఆ దుకాణంలో అప్పటికే ఇచ్చిన రెండు వేల అడ్వాన్సు వెనక్కి తెచ్చుకోవడానికి నేను నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది.

రెండో దుకాణంలో ధ్రువపత్రం నకలు అడగకముందే ఫైలులో పెట్టి చూపించారు. బండి ధర ఛార్జరుతో కలిపి 71,500 రూపాయలు. ఇదే తరగతిలో సీసం బ్యాటరీలు వేసిన బండ్లు ఇరవై వేల దాకా తక్కువకు వస్తాయి గానీ వాటి జోలికి పోవద్దని నా గట్టి మాట. సీసం బ్యాటరీలు బరువెక్కువ, ఇంట్లోకి మోసుకురావడం ఆడవాళ్ల వల్ల కాదు, మన వైపు ఎండలకు వాటి ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. నేను తీసుకున్నది 60 వోల్టుల, 26 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ. ఈ రెండు అంకెలను గుణిస్తే 1,560 వాట్ అవర్లు, అంటే ఒకటిన్నర యూనిట్లు. ఛార్జరులో కొంత వేడిగా పోతుంది కాబట్టి ఒకసారి పూర్తిగా నింపడానికి రెండు యూనిట్ల లోపు కరెంటు పడుతుంది. నేను వారానికి రెండుసార్లు ఛార్జింగ్ పెడతాను. నెలకు పదహారు, పదిహేడు యూనిట్లు అనుకుంటే, మా ఇంటి బిల్లులో పెరిగింది వంద రూపాయలు కూడా లేదు.

ఒకసారి ఛార్జ్ చేస్తే 75 కిలోమీటర్లు వస్తుందని కరపత్రంలో ఉంది. నేను ఒక్కదాన్నే నడిపినప్పుడు కొత్తలో 55 వచ్చింది, ఇప్పుడు 50 వస్తోంది. అత్తమ్మను వెనక కూర్చోబెట్టుకుంటే నలభై దాటదు. నా రోజువారీ వాడకం ఆరేడు కిలోమీటర్లే కాబట్టి ఈ తేడా నాకు అడ్డం రాలేదు. కరపత్రంలోని అంకెను నమ్మి రోజూ అరవై కిలోమీటర్ల లెక్కలో కొనేవారు మాత్రం దారిలో నిలిచిపోతారు.

ఇప్పుడు నా రోజు ఇలా సాగుతుంది. పొద్దున ఏడున్నరకు ఇంటి గేటు దగ్గర బండి తీసి, ఆరు నిమిషాల్లో ప్రధాన రహదారికి చేరుతాను. అక్కడ మా కిరాణా షాపు అన్న తన రేకుల షెడ్డు కింద బండి పెట్టుకోనిస్తాడు. తాళం వేసి, హెల్మెట్ సీటు కింద పెట్టి, బస్సెక్కుతాను. సాయంత్రం బస్సు దిగి, ఆ షాపులోనే సరుకులు కొని, కాళ్ల దగ్గరి పలక మీద పెట్టుకొని ఇంటికి వస్తాను. ఈ పలక ఎంత విలువైనదో సైకిలు తొక్కినవారికి తెలుస్తుంది. రేషన్ దుకాణం నుంచి మనిషికి 6 కిలోల చొప్పున మా ముగ్గురి సన్నబియ్యం 18 కిలోలు దాని మీద పెట్టుకొని ఒక్క తిప్పలో తెచ్చేస్తున్నాను; ఇంతకుముందు దానికోసం ఆటో మాట్లాడేదాన్ని. పోయిన బతుకమ్మ పండుగకు తెల్లవారకముందే ఒక్కదాన్నే వెళ్లి తంగేడు, గునుగు పూలు రెండు సంచుల నిండా కోసుకొచ్చాను. సద్దుల నాడు మా ఆడపడుచు వెనక కూర్చొని బతుకమ్మను ఒళ్లో పెట్టుకొంటే, కాలనీ వీధుల గుండా మెల్లగా చెరువు కట్ట దాకా తీసుకువెళ్లాను. పదిహేను కిలోమీటర్ల వేగంలో, శబ్దం లేకుండా, కుదుపు లేకుండా వెళ్తుంటే పళ్లెంలోంచి ఒక్క పువ్వు రాలలేదు. రాత్రి ఎనిమిది దాటాక నన్ను ఇంట్లో కూర్చోబెట్టే కారణం ఇప్పుడు లేదు. ఈ ఒక్క మాట కోసమే డెబ్బై వేలు పెట్టినా నాకు విచారం లేదు.

"బడి దాకా దాని మీదనే పోవచ్చు కదా టీచరమ్మా, బస్సు ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. మొదటి నెలలో రెండుసార్లు వెళ్లి చూశాను, ఆపేశాను. ఈ బండి అసలు లోపం అక్కడే ఉంది. ప్రధాన రహదారి మీద చుట్టూ ఉన్న బండ్లు నలభై, యాభైలో పోతుంటాయి. మనం ఇరవై నాలుగు దాటం. వెనక నుంచి వచ్చే ప్రతి బస్సూ, ప్రతి లారీ మనల్ని దాటుకొని పోవలసిందే. ఎడమ అంచుకు ఒదిగి పోదామంటే ఇసుక, కంకర, ఆగిన ఆటోలు, అకస్మాత్తుగా తెరుచుకునే కారు తలుపులు. వాటిని తప్పించడానికి కుడికి జరిగితే వెనకవాడి హారన్. మెల్లగా పోవడం క్షేమం అని మనం అనుకుంటాం గానీ, వేగపు రోడ్డు మీద మెల్లగా పోయే బండికి ప్రమాదం వెనక నుంచి వస్తుంది. ఒకసారి అదాలత్ కూడలి దగ్గర ఒక పెద్ద బండి నా మోచేతికి జానెడు దూరంలోంచి దూసుకుపోయింది. ఆ గాలికి హ్యాండిల్ కదిలింది. ఆ రోజు నుంచి నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను: కాలనీ వీధులు స్కూటరువి, పెద్ద రోడ్డు బస్సుది. లైసెన్సు లేనివారు ఈ బండి కొంటే ఈ నియమంతోనే కొనాలని నా సలహా. పది పన్నెండు కిలోమీటర్ల దూరం రోజూ దీని మీదే వెళ్లాలనుకునేవారు, వయసూ ఓపికా ఉంటే, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకొని, ముప్పై రోజుల తర్వాత పరీక్ష ఇచ్చి, రిజిస్ట్రేషన్ ఉన్న మంచి స్కూటరు కొనుక్కోవడమే మేలు.

ఎత్తు ఎక్కడంలోనూ ఈ మోటారు బలం తెలిసిపోతుంది. శనివారం రాత్రి మా ఆయన రైలు దిగితే తీసుకురావడానికి, వాహనాల రద్దీ తగ్గిన వేళ చూసుకొని, ఫాతిమా బ్రిడ్జి మీదుగా కాజీపేట స్టేషనుకు వెళ్తాను. ఒక్కదాన్నే అయితే బ్రిడ్జి ఎక్కేటప్పుడు పద్దెనిమిదికి తగ్గుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆయనా, ఆయన సంచీ తోడైతే పన్నెండుకు పడిపోతుంది. కిందికి దిగేదాకా నేను అద్దంలోనే చూస్తూ ఉంటాను. మా ఇంటి దారిలో ఇది తప్ప ఎత్తు లేదు కాబట్టి సరిపోయింది. గుట్ట వాలులో ఇల్లున్నవారు కొనేముందు వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకొని తమ వాలు ఎక్కించి చూసుకోవాలి.

స్టేషను దగ్గర నేను ఊహించని చిక్కు ఒకటి వచ్చింది. బండ్లు నిలిపే చోట ఒక ముసలాయన చీటీ పుస్తకం పట్టుకొని ప్రతి బండి నంబరు రాసుకొంటున్నాడు. నా బండి ముందు చూశాడు, వెనక చూశాడు, వంగి మడ్గార్డు కింద కూడా చూశాడు. "నంబర్ ఏది బిడ్డా?" అన్నాడు. లేదని చెప్పాను. "నంబర్ లేని బండి నేనెట్ల పెట్టుకోవాలె? రేపు ఎవడన్న వచ్చి నాదే అంటే నేనేమని ఇడువాలె?" అన్నాడు. ఆయన అడిగిన దాంట్లో న్యాయం ఉంది. నంబరు లేకపోవడం మనకు సౌకర్యం అనుకుంటాం. బండి పోయిన నాడు అదే మనకు ఎదురు తిరుగుతుంది. పోలీసులకు చెప్పుకోవాలన్నా ఛాసిస్ నంబరు, మోటారు నంబరు, కొన్న బిల్లు తప్ప ఆధారం ఉండదు. ఆ మరుసటి రోజే బిల్లునూ ఛాసిస్ నంబరునూ ఫోటో తీసి ఫోనులో పెట్టుకొని, ఛాసిస్ చివరి ఐదు అంకెలను వెనక మడ్గార్డు మీద పసుపు రంగుతో పెయింటరు చేత రాయించాను. తర్వాతి శనివారం ఆ ముసలాయన ఆ అంకెలు చూసి చీటీ మీద శ్రద్ధగా దిద్దుకొని, "ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు. అప్పటి నుంచి మాకు తగువు లేదు. వాహనాల తనిఖీలో కూడా రెండుసార్లు ఆపారు. సీటు కింద ప్లాస్టిక్ కవరులో పెట్టిన ధ్రువపత్రం నకలు చూపిస్తే చదివి పంపించారు.

బీమా విషయం ఇంట్లోవాళ్లతో కూర్చొని మాట్లాడుకోవలసినది. ఈ బండికి బీమా తప్పనిసరి కాదంటే, ప్రమాదం జరగదని అర్థం కాదు. జరిగితే మన వెనక ఏ పాలసీ లేదని అర్థం. నేను బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరాను. 18 నుంచి 70 ఏళ్ల లోపువారికి ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. అది నా ప్రాణానికీ నా అంగవైకల్యానికే గానీ, నా వల్ల ఎదుటివారికి కలిగే నష్టానికి కాదు. దానికి నా జాగ్రత్తే ఆధారం. హెల్మెట్ లేకుండా ఒక్కసారి కూడా గేటు దాటలేదు. పాలు తేవడానికి పోయినా పెట్టుకుంటాను. మరొక సంగతి కూడా చెప్పి తీరాలి. మా కాలనీలో లైసెన్సు అక్కరలేదు కదా అని ఏడో తరగతి పిల్లలకు ఈ బండ్లు ఇచ్చి ట్యూషనుకు పంపుతున్న తల్లిదండ్రులున్నారు. గేర్లు లేని 50 సీసీ బండికే చట్టం పదహారేళ్లు నిండాలని చెబుతుంది. ఈ స్కూటరు బరువూ బ్రేకులూ ఆ బండికి ఏమీ తీసిపోవు. పదహారు నిండని పిల్లల చేతికి దీన్ని ఇవ్వడం తప్పు అని ఒక టీచరుగా గట్టిగా అంటాను.

ఎండాకాలం, వానాకాలం రెండింటిలోనూ ఈ బండి మన శ్రద్ధ కోరుతుంది. మే నెలలో మన వైపు ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో నడిపి వచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకూడదు. బ్యాటరీ చల్లబడటానికి కనీసం అరగంట, వేసవిలో గంట, నీడలో వదిలేయాలి. బ్యాటరీ పదకొండు కిలోలుంటుంది. బిందె మోసినట్టు చంకలో కాకుండా పిడి పట్టుకొని తెచ్చి, వరండాలో బండ మీద పెట్టి ఛార్జ్ చేస్తాను. పడకగదిలో, పరుపుల దగ్గర, రాత్రంతా అందరూ నిద్రపోతుండగా ఛార్జింగ్ పెట్టడం నేను చేయను, మీరూ చేయకండి. ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు అంటుకున్న సంఘటనలు 2022లో దేశమంతా చూశాం. ఇంటి ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. మా ఇంట్లో చూపిస్తే, పాత ఇల్లు కావడం వల్ల, ఎర్తు తీగ ఊడిపోయి ఉందని తేలింది. వానల్లో మోటారు వెనక చక్రం నడుమనే ఉంటుంది కాబట్టి, చక్రం నడుము దాకా నీళ్లున్న చోటికి బండిని దింపకూడదు. గట్టి వాన పడిన రోజు మా కాలనీ మలుపు దగ్గర నీళ్లు నిలుస్తాయి. ఆ రోజుల్లో బండిని కిరాణా షాపు దగ్గరే వదిలేసి నడిచి వస్తాను.

తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం కదలదు. కిలోమీటరు దూరం నెట్టుకుంటూ వచ్చాను. దారిలో ఉన్న మెకానిక్ చూసి, "ఇది మా పని కాదమ్మా, కరెంటు బండి" అన్నాడు. కంట్రోలర్ పోయిందని సర్వీసు సెంటర్లో తేల్చారు. వారంటీలోనే మార్చారు, డబ్బు తీసుకోలేదు. కానీ ఆ పెట్టె బయటి నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది, ఫోను చేసిన ప్రతిసారీ "రేపు వస్తది మేడం" అనే జవాబే వచ్చింది. ఆ పదకొండు రోజులు మళ్లీ సంచీలు మోసుకుంటూ నడిచాను. పెట్రోలు బండికి వీధి చివర మెకానిక్ ఉంటాడు, దీనికి ఉండడు. కొనేముందు దుకాణంవారిని కంట్రోలర్, ఛార్జర్, బ్రేకు లైనింగు ఇవి తమ దగ్గర నిల్వ ఉన్నాయో లేవో చూపించమని అడగాలి. ఉన్నాయని చెబితే సరిపోదు, అల్మారాలో చూడాలి. టైర్లు కూడా ట్యూబులెస్ అయి ఉండాలి. మోటారు ఉన్న వెనక చక్రాన్ని పంక్చరు కోసం విప్పడానికి మామూలు పంక్చరు షాపువాళ్లు ఒప్పుకోరు.

డబ్బు లెక్క దాచకుండా చెబుతాను. ఆటోలకు పోయే నెలకు రెండున్నర వేలలో నాకు ఇప్పుడు దాదాపు 2,300 మిగులుతోంది. ఆ లెక్కన బండి ధర తిరిగి రావడానికి రెండున్నర ఏళ్లు పడుతుంది. బ్యాటరీకి మూడేళ్ల వారంటీ ఉంది; ఆ తర్వాత మార్చాలంటే ఇప్పటి ధర 28,000 అని దుకాణంవారు చెప్పారు. అంటే మూడో ఏడు ముగిసేసరికి బండి ధర పోను మిగిలేది పదకొండు వేల చిల్లర, కొత్త బ్యాటరీ ధరలో అది సగం కూడా కాదు. పొదుపు కోసమే కొనాలనుకునేవారికి ఇది అంత లాభసాటి బేరం కాదు. బస్టాపుకు అర కిలోమీటరు దూరంలో ఇల్లున్నవారికి అసలు అవసరమే లేదు. కిలోమీటరున్నర నుంచి నాలుగైదు కిలోమీటర్ల లోపల బస్సు దొరికే చోట ఉండి, లైసెన్సు లేక, ప్రతి చిన్న పనికీ ఇంకొకరి వీలు చూసుకుంటున్న ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు మాత్రం దీన్ని మనస్ఫూర్తిగా చెబుతాను. నా లెక్కలో దీనికి ఐదుకు మూడున్నర మార్కులు. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి సర్వీసు కోసం పడిన పదకొండు రోజుల నిరీక్షణకు, అర మార్కు కరపత్రంలోని ఆ 75 కిలోమీటర్ల అంకెకు.

మా బడిలో లెక్కలు చెప్పే టీచరు కాశీబుగ్గ దాటి లోపలికి ఉంటుంది, ఆమెకూ లైసెన్సు లేదు. పోయిన ఆదివారం నన్ను తోడు తీసుకొని నేను కొన్న దుకాణానికే వచ్చింది. ఆమె రంగులు చూస్తుండగా నేను సీటు లేపి కంట్రోలర్ పక్కనున్న తీగల కట్టను చివరిదాకా వేళ్లతో తడిమి చూశాను. ఊడదీయడానికి వీలుగా వదిలిన జోడింపు ఎక్కడా లేదు. అప్పుడు ధ్రువపత్రం నకలు తెప్పించి, అందులోని మోడల్ పేరూ బండి మీది పేరూ ఒకటేనని ఇద్దరం సరిచూసుకున్నాం. ఆమె ఐదు వేలు అడ్వాన్సు కట్టి, నీలం రంగు బండికి చీటీ రాయించుకుంది.